ఇంట్లో ఒకటే ఎయిర్ పిస్టల్, 13 ఏళ్ళ పాప, 49 ఏళ్ళ నాన్న: సైట్లు ఎవరికి ఎలా ఉండాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది విజయవాడ. మా పాపకి 13 ఏళ్ళు. ఆర్నెల్ల క్రితం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టింది. తనని దింపి రావడానికి వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు నేనూ నేర్చుకుంటున్నాను. నాకు 49. ఇద్దరికీ ఒకటే పిస్టల్. గురి చూసుకోవడానికి పిస్టల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్ పాపకి గీసినట్టు కనిపిస్తుందట, నాకేమో అంచులన్నీ మసక. కొత్త సైట్లు కొనాలా? ఎర్ర చుక్క వెలిగే రెడ్ డాట్ సైట్ పెట్టుకోవచ్చా? పాపకి ఏ సైజు మంచిది? ఒలింపిక్స్‌లో ఆ టర్కీ ఆయన మామూలు కళ్ళజోడుతోనే మెడల్ కొట్టాడు కదా, ఇవన్నీ నిజంగా అవసరమా?"

మీరు ఇంకా ఏదీ కొనకపోతే మంచిదే, ఈ నెల సైట్లేవీ కొనకండి. మీ మసక పిస్టల్‌లో లేదు, కంట్లో ఉంది. దానికి మన భాషలో చత్వారం అని పేరు పెట్టింది నలభై దాటాక వస్తుందనే. సైటు ఎంత ఖరీదైనది బిగించినా చత్వారం పోదు. ముందు కంటి సంగతి తేల్చుకుంటే, ఇప్పుడున్న సైట్లనే సర్దుకుని మీ ఇద్దరూ హాయిగా షూట్ చేసుకోవచ్చు.

నాకు 58. ముప్పై దాటాక పిస్టల్ పట్టుకున్నాను, పదేళ్ళుగా శని ఆదివారాల్లో పిల్లలకి నేర్పుతున్నాను. మీరు అడిగిన రెండు వయసుల కష్టాలూ దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఒక పని చెయ్యండి. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెట్టి, దాని వెనక గోడ మీది క్యాలెండర్ చూడండి. గోరు స్పష్టంగా ఉంటే క్యాలెండర్ అంకెలు మసకబారతాయి. అంకెల మీదికి చూపు పోనిస్తే గోరు మసకబారుతుంది. రెండూ ఒకేసారి స్పష్టంగా చూడటం ఏ వయసు కంటికీ సాధ్యం కాదు. పిస్టల్‌తో అయితే రెండు కాదు, మూడు దూరాలు. కంటికి రెండడుగుల దూరంలో రియర్ సైట్ నాచ్ (వెనక సైట్‌లోని గాడి), దాదాపు మీటరు దూరంలో ఫ్రంట్ సైట్ (ఆ గాడిలోంచి కనిపించే నిలువు పలక, బ్లేడ్ అంటారు), పది మీటర్ల అవతల టార్గెట్. మీ పాప కన్ను వీటి మధ్య చటుక్కున మారగలదు. మన కళ్ళలోని లెన్స్ గట్టిపడిపోయింది కాబట్టి అంత తేలిగ్గా మారదు.

మరి మూడింట్లో ఏది స్పష్టంగా ఉండాలి? ఫ్రంట్ సైట్. ఇది అందరూ చెబుతారు, ఎందుకో మాత్రం తక్కువమంది చెబుతారు. లెక్క చూడండి. ఎయిర్ పిస్టల్ మీద రెండు సైట్ల మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. నాచ్‌లో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, పది మీటర్ల దగ్గర అది 30 మిల్లీమీటర్లు అవుతుంది. టార్గెట్ మీద 10 రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఒక్కో రింగూ 8 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకి పదికి వెళ్ళాల్సిన పెల్లెట్ (చిన్న గుండు) ఏడులో పడుతుంది. ఇప్పుడు ఇంకో సందర్భం తీసుకోండి. సైట్లు రెండూ సరిగ్గా వరసలో ఉన్నాయి, కానీ చెయ్యి మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగింది. అప్పుడు పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. పెల్లెట్ అంచు రింగుని తాకితే చాలు కాబట్టి అది ఇంకా పదే!

అందుకే టార్గెట్ మసగ్గా ఉంటే ఏమీ కాదు, చెయ్యి కొంచెం ఊగినా ఏమీ కాదు. నాచ్‌లో ఫ్రంట్ సైట్ ఎక్కడ కూర్చుందో కనిపించకపోతే మాత్రం కష్టం. మనం సైట్లు ఎంచుకోవడం, సర్దుకోవడం అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరగాలి.

నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకండి. 46 ఏళ్ళప్పుడు నాకూ మీలాగే ఫ్రంట్ సైట్ అంచులు కరగడం మొదలైంది. 600కి 560ల్లో ఉండే స్కోరు 540ల్లోకి దిగింది. సన్నగా ఉందేమో అని వెడల్పుది మార్చాను, వెడల్పు ఎక్కువైందేమో అని మళ్ళీ సన్నది పెట్టాను. ఏడాదిలో మూడు బ్లేడ్లు మారాయి. తర్వాత ఎవరో చెబితే పేపర్ చదివే కళ్ళజోడు, +1.50ది, పెట్టుకుని రేంజ్‌కి వెళ్ళాను. రియర్ సైట్ అద్భుతంగా కనిపించింది. ఫ్రంట్ సైట్ మసక, టార్గెట్ అయితే దూదిపింజ. దాని తర్వాత ప్రోగ్రెసివ్ అద్దాలు. వాటిలో మీటరు దూరం కనిపించే భాగం కింద ఉంటుంది కదా, గడ్డం పైకెత్తి చూస్తే తప్ప సైట్ దొరకదు. రెండు నెలలు మెడనొప్పితో తిరిగాను.

చివరికి పని జరిగింది ఒక టేపుతో. ఖాళీ పిస్టల్ పట్టుకుని చెయ్యి చాచి నిలబడి, కంటి నుంచి ఫ్రంట్ సైట్ దాకా ఎంత దూరమో మా అబ్బాయి చేత కొలిపించాను. 94 సెంటీమీటర్లు. అది కాగితం మీద రాసుకుని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఈ దూరంలో సన్నని వస్తువు అంచు నాకు స్పష్టంగా కనిపించాలి, పది మీటర్ల దగ్గర నల్లటి గుండ్రం ఉందని తెలిస్తే చాలు అని చెప్పాను. మీరూ అంతే చెయ్యండి. పిస్టల్ పట్టుకుని క్లినిక్‌కి మాత్రం వెళ్ళకండి, కొలత చాలు.

లెన్స్ సంగతి ఇది. ముందు మీ దూరపు చూపు నంబర్ కచ్చితంగా తేలాలి. దాని మీద ఎంత ప్లస్ కలపాలన్నదే ప్రశ్న. సరిగ్గా మీటరు దూరానికి ఫోకస్ కావాలంటే +1.00 కలపాలి. కానీ అలా చేస్తే టార్గెట్ మరీ చెదిరిపోతుంది. +0.50 కలిపితే ఫోకస్ ఫ్రంట్ సైట్‌కి కొంచెం అవతల పడుతుంది, ఇటు సైటూ అటు టార్గెట్టూ రెండూ పనికొచ్చేంత స్పష్టంగా ఉంటాయి. పిస్టల్ వాళ్ళలో ఎక్కువమంది +0.50, +0.75 దగ్గర స్థిరపడతారు. నాది +0.75. ట్రయల్ ఫ్రేమ్‌లో రెండూ మార్చి మార్చి చూపించమని అడగండి. ఎదురుగా గోడకి తెల్లకాగితం అంటించి, మీరు కొలిచిన దూరంలో ఎవరి చేతైనా ఒక అగ్గిపుల్ల పట్టించి చూస్తే తేడా మీకే తెలిసిపోతుంది. గురిపెట్టే కంటికి ఒకే నంబర్ ఉన్న సింగిల్ విజన్ లెన్స్ తీసుకోండి. బైఫోకల్, ప్రోగ్రెసివ్ రెండూ వద్దు. ఆ లెన్స్ కళ్ళజోడులోనే ఉండాలి. పోటీల్లో పిస్టల్ మీద లెన్స్ బిగించడానికి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) రూల్స్ ఒప్పుకోవు.

ఇంకో మాట. పవర్ సరిపోయినా మసక ఉంటే, లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే శుక్లాల పరీక్ష కూడా చేయించుకోండి. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే, లెన్స్ ఏది వెయ్యాలో నిర్ణయించకముందే నేను పిస్టల్ షూటింగ్ చేస్తానని డాక్టర్‌కి చెప్పాలి. తర్వాత చెప్పి లాభం లేదు.

ఇప్పుడు సైట్ల దగ్గరికి వద్దాం. మ్యాచ్ ఎయిర్ పిస్టల్స్ చాలావాటికి ఫ్రంట్ సైట్ బ్లేడ్ మార్చుకోవచ్చు. 4, 4.5, 5 మిల్లీమీటర్లు మామూలుగా దొరికే వెడల్పులు. రియర్ సైట్‌లో నాచ్ వెడల్పు స్క్రూతో పెరుగుతుంది, తగ్గుతుంది. మీ పిస్టల్‌లో ఈ రెండూ ఉంటే మీకు ఇంకేమీ అక్కర్లేదు. బ్లేడ్ సైజు గురించి అందరూ గంటలు మాట్లాడతారు గానీ, నా అనుభవంలో స్కోరు మార్చేది బ్లేడ్‌కి రెండు పక్కలా కనిపించే వెలుగు గీతలు. ఫ్రంట్ సైట్ దూరంగా ఉంటుంది కాబట్టి కంటికి సన్నగా కనిపిస్తుంది. అందుకే బ్లేడ్ 4.5, నాచ్ 4.5 పెట్టినా పక్కల వెలుగు వస్తుంది. ఒక్కో పక్క వెలుగు బ్లేడ్ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండటం కొత్తవాళ్ళకి బాగుంటుంది.

మీకైతే ఇంకా వెడల్పు కావాలి. అంచులు మసకబారిన కంటికి సన్న గీత అసలు గీతలాగే కనిపించదు, బ్లేడ్ ఒక పక్కకి అతుక్కుపోయినట్టు ఉంటుంది. నాచ్ తెరిస్తే గురి పోతుందేమో అని భయపడతారు. అలా జరగదు. రెండు పక్కల వెలుగు సమానంగా ఉందా లేదా అన్నది మన కన్ను చాలా బాగా పట్టేస్తుంది. గోడ మీద ఫోటో వంకరగా ఉంటే స్కేలు లేకుండానే తెలుస్తుంది కదా, అలాగే. నేను నాచ్ కాస్త కాస్త తెరుస్తూ, ఒక్కో సెట్టింగ్‌లో 20 షాట్లు కొట్టి గ్రూపులు, అంటే చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో, పోల్చుకున్నాను. ఒక చోట గ్రూప్ అడ్డంగా బాగా చిన్నదైంది, అక్కడే వదిలేశాను. మీరూ అలా వెతుక్కోండి. ఎవరి అంకె వాళ్ళదే. నాచ్ లోతు కూడా మార్చే వీలుంటే కొంచెం లోతుగా పెట్టుకోండి, ఎత్తు తేడా సులువుగా తెలుస్తుంది.

పాప విషయంలో నేను దీనికి వ్యతిరేకం చెబుతాను. ఏమీ మార్చకండి. తన చెయ్యి మీకంటే పొట్టిది కాబట్టి బ్లేడ్ తనకి దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. 4 గానీ 4.5 గానీ ఏదో ఒకటి బిగించి, వెలుగు సరిచూసి, ఆర్నెల్లు దాని జోలికి వెళ్ళకండి. పిల్లలు షాట్ ఏడులో పడగానే రియర్ సైట్‌ని జరిపే స్క్రూని క్లిక్కు క్లిక్కుగా తిప్పడం మొదలుపెడతారు. తప్పు ట్రిగ్గర్ లాగడంలో ఉంటుంది, తిప్పేది సైటు. పది షాట్ల గ్రూప్ మొత్తం ఒకే పక్కకి ఉంటేనే క్లిక్ తిప్పాలని గట్టిగా చెప్పండి. గ్రూప్ ఎటు వెళ్ళాలో రియర్ సైట్ అటే జరగాలి. ఇది నోటికి వచ్చేదాకా స్క్రూడ్రైవర్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఆర్నెల్ల క్రితం మొదలుపెట్టిన పిల్లలు చేసే ఇంకో పొరపాటు నల్ల గుండ్రం కింది అంచుకి ఫ్రంట్ సైట్‌ని సరిగ్గా తాకించాలని చూడటం. అలా చూస్తే కన్ను టార్గెట్ మీదికి పారిపోతుంది, వేలు తొందరపడుతుంది. నలుపుకి కింద కొంత తెలుపు వదిలి, అక్కడొక అరచెయ్యి లాంటి చోటు ఉందనుకుని అందులో సైట్‌ని ఊగనివ్వమనండి. వారంలో ఒక రోజు టార్గెట్‌ని వెనక్కి తిప్పి, ఒట్టి తెల్లకాగితం మీద కొట్టించండి. చూడటానికి ఫ్రంట్ సైట్ తప్ప ఏమీ ఉండదు. నా దగ్గర పన్నెండేళ్ళ బాబు ఒకడు తెల్లకాగితం మీద రూపాయి బిళ్ళంత గ్రూప్ పెట్టి, నల్ల గుండ్రం కనిపించగానే అరచేతంత చేసేవాడు. నెల రోజులు తెల్లకాగితమే ఇచ్చాను. తర్వాత నలుపు పెట్టినా వాడు దాన్ని చూడటం మానేశాడు.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో సీనియర్ నేషనల్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గెలిచినప్పుడు తనకి 13 ఏళ్ళే, మీ పాప వయసే. ఆ పోటీలో అందరివీ ఓపెన్ సైట్లే, అంటే అద్దమూ చుక్కా లేని ఒట్టి బ్లేడ్, నాచ్. పాపకి ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తుంది.

పాప గురి కన్ను ఎటువైపుదో కూడా ఒకసారి చూడండి. రెండు చేతులతో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న ఫ్యాన్ స్విచ్ చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కంటితో స్విచ్ కనిపిస్తూ ఉంటే అదే తన గురి కన్ను. కుడిచేతి వాళ్ళకి ఎడమ కన్ను వచ్చినా పిస్టల్‌కి పెద్ద ఇబ్బంది లేదు, తల కొంచెం తిప్పుకుంటే సరిపోతుంది. మీ ఇద్దరూ రెండో కన్ను మూయకండి. ఒక కన్ను మూస్తే తెరిచిన కంటిపాప కూడా కొంచెం పెద్దదవుతుంది, స్పష్టత తగ్గుతుంది, ముఖం కండరాలు బిగుస్తాయి. ఆ రెండో కంటి ముందు కళ్ళజోడుకి తెల్లటి ప్లాస్టిక్ ముక్క (బ్లైండర్) అతికించుకుంటే చాలు. నల్లది వద్దు, వెలుతురు వచ్చేది కావాలి. వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదని రూల్.

కంటిపాప మాట వచ్చింది కాబట్టి ఐరిస్ గురించి. కళ్ళజోడు మీద బిగించే చిన్న రంధ్రం అది, పెద్దది చిన్నది చేసుకోవచ్చు. కొనకముందే అది మీకు పనికొస్తుందో లేదో ఇంట్లో తేల్చుకోవచ్చు. విజిటింగ్ కార్డుకి రెండు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, కంటికి దగ్గరగా పట్టుకుని, చెయ్యి చాచినంత దూరంలో పేపర్ చూడండి. అద్దాలు లేకుండానే అక్షరాలు తేరుకుంటాయి. చత్వారం ఉన్నవాళ్ళకి ఇది నిజమైన సాయం. కాకపోతే వెలుతురు తినేస్తుంది. ట్యూబ్‌లైట్ ఒక్కటే ఉన్న రేంజ్‌లో పెట్టుకుంటే అంతా చీకటి. ముందు లెన్స్ సరిచేసుకుని, రెండు నెలలు చూసి, అప్పుడు ఆలోచించండి.

టర్కీ ఆయన యూసుఫ్ దికెచ్. 2024 పారిస్‌లో షెవ్వాల్ ఇలయ్దా తర్హాన్‌తో కలిసి 10 మీటర్ల మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం తెచ్చుకున్నారు, అప్పటికి ఆయనకి 51. ఆయన ఏమీ పెట్టుకోలేదని చాలామంది అంటారు, అది సరికాదు. కళ్ళజోడు పెట్టుకున్నారు, ఐరిస్, బ్లైండర్ లేవు, రెండు కళ్ళూ తెరిచే కొడతారు. అది ఆయనకి ఐదో ఒలింపిక్స్. అన్నేళ్ళ సాధన ఉన్న మనిషికి సరిపోయింది ఆర్నెల్ల వాళ్ళకి సరిపోతుందని చెప్పలేం. వయసు అడ్డం కాదనడానికి నేను జార్జియా దేశపు నీనో సలుక్వాద్జేనే చెబుతాను. 1988 సియోల్‌లో పిస్టల్‌లో స్వర్ణం గెలిచిన ఆవిడ, 2024 పారిస్‌లో కూడా పోటీలో నిలబడ్డారు. వరసగా పది ఒలింపిక్స్! 2016 రియోలో అయితే కన్నకొడుకుతో కలిసి అదే జట్టులో ఉన్నారు. మీ ఇంటి కథకి ఆవిడే దగ్గర.

ఒకటే పిస్టల్ ఇద్దరూ వాడటంలో చిక్కు సైట్లది కాదు, గ్రిప్‌ది. మీ అరచేతికి సరిపోయిన గ్రిప్‌లో పాప చెయ్యి వదులుగా ఉంటుంది. పరీక్ష చెబుతాను. పెల్లెట్ లేదని తెరిచి చూసుకుని, కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తి, ఆపి, కళ్ళు తెరవమనండి. ఫ్రంట్ సైట్ నాచ్ మధ్యలో కనిపిస్తే గ్రిప్ సరిపోయినట్టు. ప్రతిసారీ ఎడమకో పైకో ఉంటే ఆ తేడాని పాప మణికట్టు తిప్పి సరిచేస్తోందన్నమాట, అలిసిపోగానే అది బయటపడుతుంది. దాన్ని ఏ సైటూ సరిచెయ్యలేదు. తనకి చిన్న సైజు గ్రిప్ ఒకటి కొనండి. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. చాలా పిస్టల్స్‌కి ఒక్క స్క్రూతో గ్రిప్ మారుతుంది. సైట్లకి అసలు స్థానం పాపది అని పెట్టుకుని, మీ వంతు వచ్చినప్పుడు ఎన్ని క్లిక్కులు ఎటు, నాచ్ ఎంత అని ఒక చీటీ రాసి పిస్టల్ పెట్టెలో అంటించండి. అయిపోగానే మళ్ళీ తన స్థానానికి తెచ్చి పెట్టండి. మర్చిపోయారో, మర్నాడు పాప గ్రూప్ ఎటో వెళ్ళి ఏడుపు మొహంతో వస్తుంది.

రెడ్ డాట్ గురించి. పాపకి వద్దు, మీరు పోటీలకి వెళ్ళాలనుకుంటే మీకూ వద్దు. 10 మీటర్ల పోటీలో ఓపెన్ సైట్లు తప్ప ఏవీ ఒప్పుకోరు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ, ఇదే ప్రశ్న మామూలు 9 ఎంఎం పిస్టల్స్ గురించి అడుగుతుంటారు. వాళ్ళకి నా జవాబు వేరు. యాభై దాటి, సరదాకి రేంజ్‌కి వెళ్ళేవాళ్ళకి రెడ్ డాట్ చాలా మేలు. చూపంతా టార్గెట్ మీద ఉంచొచ్చు, దూరాల గొడవ లేదు. కొనేముందు షాపులో డాట్‌ని చూడండి. చుక్కలా కాకుండా తోక ఉన్నట్టో, పువ్వులా చీలినట్టో కనిపిస్తే ఫోన్‌తో ఫోటో తియ్యండి. ఫోటోలో గుండ్రంగా ఉంటే లోపం మీ కంట్లోది, ఆస్టిగ్మాటిజం. అది కళ్ళజోడుతో సరిచేసుకోవాలి. 6 ఎంఓఏ (చుక్క సైజుని చెప్పే కోణపు కొలత) డాట్ 25 మీటర్ల దగ్గర సుమారు 44 మిల్లీమీటర్లు కప్పేస్తుంది, 3 ఎంఓఏ అయితే 22. పెద్దది త్వరగా దొరుకుతుంది, చిన్నది సన్నటి గురికి. డాట్ వద్దనుకుంటే ముందు ఫైబర్ ఆప్టిక్ (వెలుతురుకి మెరిసే రంగు పోగు ఉన్న సైట్), వెనక చుక్కలు లేని ఒట్టి నల్ల నాచ్ తీసుకోమంటాను. మూడు తెల్ల చుక్కలవి కొత్తవాళ్ళని తికమక పెడతాయి, చుక్కల్ని వరసలో పెట్టే పనిలో బ్లేడ్ పై అంచుని మర్చిపోతారు.

చివరిగా, ఖర్చు లేని పని ఒకటి. మీ బ్లేడ్ పై అంచు వాడి వాడి మెరుస్తూ ఉంటుంది. పై నుంచి లైటు పడితే ఆ మెరుపు వల్ల అంచు ఎక్కడో తెలియదు, షాట్లు పైకీ కిందకీ పోతాయి. మా రేంజ్‌లో పెద్దాయన ఒకరు బ్లేడ్ విప్పి, పట్టకారుతో పట్టుకుని కర్పూరం పొగ మీద తిప్పేవారు. కాటుక పట్టినట్టు ఒట్టి నలుపు, ఏ మెరుపూ ఉండదు. నేనిప్పటికీ అలాగే చేస్తాను. బ్లేడ్ విప్పి, పిస్టల్‌నీ సిలిండర్‌నీ వేరే గదిలో పెట్టి మరీ చెయ్యాలి, ఎయిర్ సిలిండర్ దగ్గరికి మంట రాకూడదు. అంత ఓపిక లేకపోతే నల్ల మార్కర్ పెన్ను రాసినా సగం పని అవుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాక మీ దూరం ఎంత వచ్చింది, ఎంత ప్లస్ కలిపారు, కొత్త లెన్స్‌తో 20 షాట్ల గ్రూప్ ఫోటో, ఈ మూడూ ఇక్కడే పెట్టండి. నాచ్ ఎంత తెరవాలో ఆ గ్రూప్ చూసి చెబుతాను.